మారియో సంగీతం నెమ్మదిగా వినిపించిన మాట నిజమే

సంపాదకుల వారికి,

తొంభైల నాటి టీవీ గేముల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని, దానిపై తర్వాత ప్రచురించిన పాఠకుల ఉత్తరాలను శ్రద్ధగా చదివాను. తమ ఇంట్లో మారియో ఆట సంగీతం నెమ్మదిగా సాగేదని, గొంతు, అంటే శ్రుతి, మాత్రం మారలేదని ఒక పాఠకుడు రాశారు. యూట్యూబ్‌లో అసలు సంగీతం విని చూశానని, అదంతా జ్ఞాపకం కల్పించిన భ్రమేనని మరొకరు తోసిపుచ్చారు. ఎలక్ట్రానిక్ పరికరాల మరమ్మతు వృత్తిలో ఉన్నవాడిగా, మొదటి పాఠకుడి పక్షాన కొన్ని విషయాలు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

నింటెండో సంస్థ ఫామికామ్ అనే టీవీ గేముల యంత్రాన్ని 1983లో, కోజీ కొండో సంగీతం సమకూర్చిన సూపర్ మారియో బ్రదర్స్ ఆటను 1985లో జపాన్‌లో విడుదల చేసింది. మనం క్యాసెట్ అని పిలుచుకున్న ఆ ప్లాస్టిక్ డబ్బాలో రికార్డు చేసిన పాట ఏదీ ఉండదు. స్వరాల వరుస అంకెల రూపంలో ఉంటుంది, యంత్రంలోని చిప్ ఆ అంకెలను చదువుతూ అప్పటికప్పుడు ధ్వనిని పుట్టిస్తుంది. ఏ స్వరం తర్వాత ఏది రావాలో క్యాసెట్ నిర్ణయిస్తే, అది ఎంత వేగంగా, ఎలాంటి నాదంతో వినిపించాలన్నది చాలావరకు యంత్రం చేతిలో ఉంటుంది.

జపాన్, అమెరికాల్లో టీవీ తెర సెకనుకు సుమారు 60 సార్లు మారుతుంది. మన దేశం అనుసరించిన పాల్ అనే టీవీ ప్రసార పద్ధతిలో 50 సార్లే. ఆ రోజుల్లో చాలా ఆటలను తెర మారిన ప్రతిసారీ సంగీతం ఒక్కో అడుగు ముందుకు నడిచేలా రాశారు. కాబట్టి జపాన్ కోసం రాసిన ఆటను పాల్ టీవీకి తగ్గట్టు చేసిన యంత్రంలో పెడితే వేగం ఆరో వంతు తగ్గుతుంది. అక్కడ 3 నిమిషాల్లో ముగిసే సంగీతానికి ఇక్కడ 3 నిమిషాల 36 సెకన్లు పడుతుంది.

ఇక గొంతు మారలేదన్న మాట. మన ఇళ్లకు చేరినవి చాలావరకు ఫామికామ్‌కు నకలుగా తయారైన యంత్రాలు. వాటిలో శ్రుతి తెర మార్పును బట్టి కాక, చిప్ నడిచే వేగాన్ని బట్టి ఉంటుంది. పాల్ టీవీల కోసం తైవాన్‌కు చెందిన యూఎంసీ సంస్థ రూపొందించిన నకలు చిప్ సెకనుకు సుమారు 17.73 లక్షల స్పందనలతో నడుస్తుంది, అసలు చిప్ 17.9 లక్షలతో. ఈ తేడా ఒక శాతం లోపే; పక్కపక్క స్వరస్థానాల మధ్య తేడా దాదాపు 6 శాతం. అంటే శ్రుతి ఇంచుమించు అక్కడే నిలిచి, కాలప్రమాణం ఒక్కటే సాగింది. సెల్స్ బలహీనపడిన టేప్ రికార్డర్‌లో ఈ రెండూ కలిసి జారిపోవడం మనకు తెలిసినదే. ఊహించుకుని రాసేవారికి ఆ జారుడే తోచేది. మీ పాఠకుడు మాత్రం శ్రుతి నిలిచిందని, నడక తగ్గిందని విడదీసి రాశారు. నా దృష్టిలో ఇది బలమైన సాక్ష్యం. ఐరోపాలో నింటెండో అమ్మిన పాల్ యంత్రం వేగం సెకనుకు సుమారు 16.6 లక్షలే కనుక, తగిన సవరణ చేయని ఆటల్లో అక్కడివారికి శ్రుతి కూడా ఒక స్వరస్థానానికి పైగా దిగి వినిపించింది.

నాదంలోనూ తేడా ఉంది. ఫామికామ్ చిప్ ఒకేసారి పలికించే విడివిడి ధ్వనులను గొంతులు అనుకుంటే, వాటిలో రాగాన్ని ఎక్కువగా మోసేవి రెండు చతురస్ర తరంగాల గొంతులు, అంటే పైస్థాయికీ కిందిస్థాయికీ మధ్య ఒక్కసారిగా దూకే తరంగాలు. తరంగం పైస్థాయిలో ఉండే సమయం నాలుగో వంతు అయితే నాదం సన్నగా, కొంత ముక్కుతో పలికినట్టు ఉంటుంది. సగం అయితే నిండుగా, గుల్లగా ఉంటుంది. కొన్ని నకలు చిప్‌లలో ఈ రెండూ తారుమారయ్యాయి. ఒకే ఆటను రెండు ఇళ్లలో విన్న పిల్లలు పెద్దయ్యాక ఆ నాదం గురించి వాదించుకుంటే, ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు.

సాక్షాత్తూ నింటెండో యంత్రాల మధ్యే ఇలాంటి తేడా ఉంది. 1989లో జపాన్‌లో కొనామీ సంస్థ విడుదల చేసిన అకుమాజో దెన్సెత్సు క్యాసెట్‌లో వీఆర్‌సీ6 అనే చిప్ మరో మూడు గొంతులను చేర్చింది. అమెరికా యంత్రం క్యాసెట్ నుంచి వచ్చే ధ్వనిని నేరుగా కలుపుకోలేదు కనుక, అక్కడ క్యాసిల్‌వేనియా 3గా వచ్చినప్పుడు అదే సంగీతాన్ని తక్కువ గొంతులకు కుదించారు.

జ్ఞాపకం ఎన్నడూ పొరబడదని నేను అనడం లేదు. బోలెడు ఆటలున్న క్యాసెట్లలో కొన్నింటికి జాబితా తెర దగ్గర ఏ ఆటకూ చెందని సొంత సంగీతం ఉండేది. దాన్ని ఏదో ఒక ఆటకు అంటగట్టి గుర్తుంచుకోవడం సహజం. కానీ అలాంటి పొరపాటును పట్టుకోవాలన్నా ఆనాటి క్యాసెట్‌నే తెరిచి చూడాలి. నేడు యూట్యూబ్‌లో, ఫోన్‌లలో ఎక్కువగా వినిపించేది 60 లెక్కన నడిచే జపాన్, అమెరికా రూపం. హైదరాబాద్‌లోనో, తెనాలిలోనో ఒక పాల్ టీవీ ముందు పిల్లలు ఏం విన్నారో అది చెప్పలేదు.

ఆ నకలు యంత్రాలు ఇప్పుడు ఒక్కొక్కటిగా చెత్తలోకి పోతున్నాయి. కెపాసిటర్లు ఎండిపోతే మార్చవచ్చు గానీ, తర్వాత కాలపు వాటిలో చిప్ మొత్తం గట్టిపడిన నల్లని జిగురు ముద్ద కింద ఉంటుంది కనుక అది చెడితే మరమ్మతు సాధ్యం కాదు. పనిచేసే యంత్రం ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే, ఫోన్ మైకు ముందు పెట్టకుండా, ఆడియో తీగ నుంచి నేరుగా కంప్యూటర్‌లోకి రికార్డు చేసి, యంత్రం పేరును, క్యాసెట్‌పై ఉన్న అక్షరాలను, వీలైతే లోపలి బోర్డు ఫొటోను దానితో పాటు భద్రపరచమని మీ పత్రిక ద్వారా పాఠకులను కోరుతున్నాను. ఇలాంటి జ్ఞాపకాలపై ఇకముందు ఉత్తరాలు ప్రచురించేటప్పుడు, ఏ యంత్రంలో విన్నారన్న వివరం కూడా రాయమని అడగవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తెనాలి