తీతువు గుడ్లు ఎక్కడున్నాయో మేకలాయన్ని అడగండి సార్

తిరుపతి జిల్లా అటవీ అధికారి గారికి,

నమస్కారం సార్. ఇది ఎర్రచందనం గురించి కాదు, చిరుత గురించీ కాదు, కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు. నేల మీద గుడ్లు పెట్టే పిట్టల గురించి.

పోయిన ఏప్రిల్‌లో రంగంపేట వైపు ఒక బీడులో నేనూ ఇంకో ఇద్దరూ పొద్దున్నే తిరుగుతున్నాం, మెడలో కెమెరాలు, చేతిలో బైనాక్యులర్లు, వేషం బానే ఉంది. మేకలు తోలుకుంటూ వస్తున్న ఒక పెద్దాయన "ఆడ కాలు పెట్టద్దు సామీ, గుడ్లుండాయి" అన్నాడు. మాకు గులకరాళ్లే కనిపించాయి. కర్రతో చూపించాక తెలిసింది, నాలుగు తీతువు గుడ్లు, ముక్కు దగ్గర పసుపు తోలు వేలాడే రకానివి. పుల్ల లేదు, గూడు లేదు, వట్టి నేల. ఆయన అప్పటికే మేకల్ని పక్కకి మళ్లించేశాడు.

వారం తర్వాత పోతే అక్కడ మొక్కలకి జేసీబీతో తీసిన గుంతలున్నాయి. తీసినవాళ్లని అనడానికేం లేదు, వాళ్లకది ఖాళీ బీడు. గుంతలు తీసేముందు గుడ్లున్నాయేమో చూడాలని ఒక ఆఫీసులో కాగితం మీద రాసిస్తే "పిట్టలకి సర్వే ఏంది" అని నవ్వారు.

అమెరికాలో సేజ్ గ్రౌస్ అని ఒక అడవికోడి ఉంది, మన కౌజుకి దూరపు చుట్టం. వసంతకాలంలో తెల్లవారుజామున మగవన్నీ ఒక మైదానానికి చేరి ఛాతీ ఉబ్బించి ఆడతాయి, ఏటా అదే చోటికి వస్తాయి. ఆ చోట్లు చూసి లెక్కపెట్టడానికి ఐడహో, ఒరెగాన్ లాంటి రాష్ట్రాల్లో మామూలు జనం జీతం లేకుండా చీకటితోనే బయల్దేరతారు. మన పిట్టలు అట్లా ఒకచోట చేరవు, ఏ జంట గుడ్లు ఆ జంటవే, ఎక్కడో ఒకచోట. నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులైతే (పెలికాన్లు) చెట్టు మీద ఉంటాయి, దారిన పోయేవాడికీ కనిపిస్తాయి. నేల మీది గుడ్లని వెతకాలంటే చాలామంది మనుషులు కావాలి, అడవిలో గస్తీ తిరిగే మీ బీట్ వాళ్లు మంటలార్పాలా, దుంగలు పట్టాలా, గుడ్లు వెతకాలా?

ఇంకో మాట. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, ఇక అంతరించిపోయిందే అనుకున్న కలివికోడి అనే నేల పిట్ట 1986లో పక్కనే కడప జిల్లాలో దొరికింది కదా, రాత్రిపూట దాన్ని పట్టి చూపించింది ఊరి మనిషే.

కాబట్టి మార్చి నుంచి జూన్ దాకా ఆదివారాలు గుడ్లు వెతకడానికి మమ్మల్ని మీ సిబ్బంది వెంట రానివ్వండి. మాకేమీ ఇవ్వొద్దు, మేకలాయన లాంటి వాళ్లకి మాత్రం రోజుకూలి ఇవ్వండి, ఎందుకంటే వెతికేది వాళ్లే, మేము ఆ చోట్లు మ్యాప్‌లో రాసుకుంటాం అంతే. గుంతలు తీసేముందు, మంటలు పాకకుండా గడ్డి కాల్చే ఫైర్ లైన్లు వేసేముందు ఆ మ్యాప్ ఒకసారి చూడండి. దాన్ని బయట మాత్రం పెట్టొద్దు, పంజరంలో కౌజుని పెట్టి కూయించి ఉచ్చులేసేవాళ్లు ఇంకా ఉన్నారు, ఫోటో కోసం గుడ్ల మీదకి పోయే మావాళ్లూ తక్కువేం కాదు.

ఫిబ్రవరిలోపు ఒక్క కబురు పంపండి. పొద్దున అయిదుకల్లా గేటు దగ్గరుంటాం, టీ మాదే.

ఇట్లు,
తిరుపతి నుంచి ఒక పిట్టల పిచ్చోడు