కల్లే కదా అనుకున్నాను

పాలకొల్లు

చిరంజీవి చిన్నోడికి నాన్న దీవెనలు.

ఫోన్లో చెబితే మీ అమ్మ చెవిన పడుతుంది, అందుకని ఉత్తరం. బండి రిపేరుకిచ్చానని చెప్పాను కదా, అది అబద్ధం. పోయిన నెల పోలీసులు పట్టుకున్నారు.

మొగల్తూరులో మీ మావయ్య చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి రెండు ముంతల తాటికల్లు పోయించాడు. కల్లుని మందు లెక్కలో వెయ్యని ఊళ్ళో పుట్టినవాణ్ణి నేను. చీకటి పడ్డాక కాలవగట్టు మీదుగా వస్తుంటే లాకుల దగ్గర డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీ. వాసన రాకుండా దారిలో కిళ్ళీ కూడా వేసుకున్నాను, ఒరిగిందేమీ లేదు. ఆ మిషన్ చూసేది నోటి వాసన కాదురా, ఊపిరితిత్తుల్లోంచి వచ్చే గాలిలో ఆల్కహాల్ ఎంతుందో. రక్తంలో ఉన్నదే అక్కడికొస్తుంది. నిమ్మకాయ, కాఫీ ఏవీ పనిచేయవు, గంటలు గడవాల్సిందే.

కానిస్టేబుల్ నా ఎదురుగానే కవరు చింపి కొత్త గొట్టం తగిలించాడు. తూతూమంత్రంగా ఊదాను. "బాబాయ్ గారూ, బీప్ వచ్చేదాకా ఊదండి" అన్నాడు. ఊదాను. 46. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. "కల్లేనయ్యా" అన్నాను. నీ ఈడువాడే, నవ్వాడు. ఆ నవ్వుకే తల తీసేసినట్టయింది. చీటీ ప్రింటు తీసి, సంతకం పెట్టించుకుని, బండీ లైసెన్సూ ఉంచేసుకున్నారు.

కోర్టులో ఒప్పుకున్నాను. మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు గానీ, 10,000 జరిమానా గానీ, రెండూ గానీ వెయ్యొచ్చట. నాకు జరిమానాతో పోయింది, పదివేలు. రెండోసారైతే రెండేళ్ళ దాకా జైలు గానీ, 15,000 జరిమానా గానీ, రెండూ గానీ.

నిన్నెప్పుడైనా ఆపితే మాత్రం ఊదు. ఊదనంటే వదిలెయ్యరు. అనుమానం ఉంటే అరెస్టు చేసి డాక్టరు దగ్గర రక్తం తీయిస్తారు, ఊదనన్న సంగతే కోర్టులో నీ మీదకొస్తుంది. తాగకపోయినా అప్పుడే మౌత్‌వాష్ పుక్కిలించి ఉంటే, ఆ మాట చెప్పి, పావుగంట ఆగి మళ్ళీ ఊదుతానని అడుగు. నోట్లో మిగిలింది పోవడానికి ఆ పాటి టైమ్ పడుతుంది.

సంక్రాంతికి వస్తే పందేలకని మీ బావ బండి వెనకెక్కుతావు, నాకు తెలుసు. బరి దగ్గర వాడు గ్లాసు పట్టుకుంటే తాళం నువ్వు తీసుకో. నువ్వూ పట్టుకున్నావా, ఇద్దరూ ఆటో ఎక్కండి.

లైసెన్సు ఇంకా నా చేతికి రాలేదు, బస్టాండుకి రాలేను. మీ అమ్మకి రిపేరు మూడువేలయిందని చెప్పాను. మిగతా ఏడువేలూ కొబ్బరికాయల డబ్బుల్లో సర్దాను. నోరు జారకు.

మీ నాన్న