లడఖ్ బయల్దేరే బండికి ముందు చైను, టైర్లు, బ్రేకులు

సంపాదకులకు,

ఎండాకాలం రాగానే మన జిల్లాల నుంచి కుర్రాళ్లు బైకుల మీద లడఖ్ బయల్దేరతారు. వానలు తగ్గితే మారేడుమిల్లి, లంబసింగి, అరకు ఘాట్లు బండ్లతో నిండిపోతాయి. వీళ్ల కోసం వచ్చే రాతలన్నీ ఏ బండి కొనాలి, ఏ సామాను పెట్టెలు బిగించాలి అనే దగ్గరే ఆగిపోతున్నాయి. దారిలో బండి మొరాయించేది మాత్రం వేరే కారణాలతో. రోజూ బండ్లు విప్పి బిగించే వాళ్లం కాబట్టి ఆ సంగతులు మీ పాఠకులకు చెప్పాలనిపించింది. ఖర్చు పెట్టే వరుస మారాలన్నది మా మాట: ముందు టైర్లు, చైను, బ్రేకులు. ఆ తర్వాత డబ్బు మిగిలితే పెట్టెలు, లైట్లు.

బండి ఎంపిక గురించి రెండు ముక్కలు. కొండదారుల కోసం చేసిన అడ్వెంచర్ బండ్లలో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 బరువు 196 కిలోలు, హీరో ఎక్స్‌పల్స్ 200 సుమారు 160. రెండింటి సీటు ఎత్తూ 825 మిల్లీమీటర్లు. కంకర మీద బండి ఒరిగితే ఆపేది కాలే కనుక, షోరూములో బూట్లతో కూర్చుని పాదాలు ఎంతవరకు ఆనుతున్నాయో చూసుకోండి. పడిన బండిని ఒక్కరే లేపగలరా అన్నది కూడా అక్కడే తేల్చుకోవాలి. ముందు చక్రం 21 అంగుళాలు ఉంటే రాళ్ల మీద తేలిగ్గా ఎక్కి దిగుతుంది. తారురోడ్డే ఎక్కువైతే 19 అంగుళాల చక్రం, ట్యూబ్‌లెస్ టైరు ఉన్న బండి సుఖం. ఇంట్లో ఉన్న 150 సీసీ బండి బాగుంటే కొత్తది కొనక్కర్లేదు.

ఇక చైను. ఎక్కువ బండ్లు ఇక్కడే దెబ్బతింటున్నాయి. కింది వరుస మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే ఎంత ఆడుతుందో అదే దాని వదులు. మామూలు బండ్లకు 25 నుంచి 35 మిల్లీమీటర్లు ఉంటే చాలు. సస్పెన్షన్ ఎక్కువగా ఆడే అడ్వెంచర్ బండ్లకు ఇంకాస్త కావాలి. బండితో ఇచ్చిన పుస్తకంలో అంకె చూసి దాన్నే పాటించండి. చక్రం తిప్పుతూ మూడు నాలుగు చోట్ల కొలవండి, ఎక్కడ బిగువుగా ఉందో అక్కడి కొలతే లెక్క. చాలామంది ఒక విషయం మర్చిపోతున్నారు. ఖాళీ బండికి స్టాండు మీద బిగువుగా పెట్టిన చైను, వెనక మనిషి, సామాను ఎక్కి బండి వెనక భాగం కిందికి దిగి, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) చదునయ్యేసరికి ఇంకా బిగుసుకుంటుంది. ముందు స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ల చక్రం), స్వింగ్ ఆర్మ్ ఇరుసు, వెనక ఇరుసు ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైను అన్నిటికన్నా బిగువుగా ఉంటుంది. అప్పుడూ కాస్త ఆడాలి. ఆడకపోతే గేర్‌బాక్స్ బయటి బేరింగు, ఆయిల్ సీలు పోతాయి. అది చైను ధరతో పోయే పని కాదు. సామాను కట్టి, ఇద్దరూ కూర్చుని, మూడో మనిషితో వదులు చూపించుకోండి. వెనక ఇరుసుకు రెండు వైపులా చైను సర్దే గీతలు సమానంగా ఉన్నాయో లేదో కూడా చూడాలి.

ఓ-రింగ్ చైనును (లింకుల్లో రబ్బరు రింగులున్న చైనును) పెట్రోలుతో కడగకండి, రబ్బరు పాడవుతుంది. కిరోసిన్, మెత్తటి బ్రష్షు చాలు. తుడిచి ఆరబెట్టి, 90 నంబరు గేర్ ఆయిల్ గానీ చైన్ లూబ్ గానీ లోపలి వైపు నుంచి పట్టించండి. 500 కిలోమీటర్లకు ఒకసారి వేయాలి, వానలో తడిస్తే ఆ సాయంత్రమే. ప్రయాణం ఆగాక, చైను వేడిగా ఉన్నప్పుడు వేస్తే లోపలికి బాగా దిగుతుంది. స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా ఒక వైపు వంగితే చైను, రెండు స్ప్రాకెట్లూ కలిపి మార్చాలి. ఒక్కటే మారిస్తే పాతది కొత్తదాన్ని అరగదీస్తుంది.

ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు వేసి ఉంచే అలవాటు ప్రమాదం. డిస్కు వేడెక్కి, ఆ వేడి బ్రేకు ద్రవానికి చేరుతుంది. కొత్త డాట్ 4 రకం ద్రవం కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. గాలిలోని తేమ పీల్చుకున్నాక మాత్రం 155 దగ్గరే మరిగే స్థితికి రావచ్చు. మరిగితే ఆవిరి బుడగలు వచ్చి లివర్ స్పాంజిలా లోపలికి పోతుంది, బండి మాత్రం ఆగదు. రెండేళ్లకోసారి ద్రవం మార్చడం అందుకే. ఎక్కేటప్పుడు ఏ గేరు వాడారో దిగేటప్పుడూ అదే గేరు, రెండో గేరు అనుకోండి. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకులు మలుపు ముందు కాసేపు గట్టిగా వేసి వదలాలి. ప్యాడ్ మందం ఒక మిల్లీమీటరుకు దగ్గరపడితే బయల్దేరే ముందే మార్చేయండి. వెనక ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఆపే స్విచ్ ఉన్న బండిలో దాన్ని కంకర దిగుడులో మాత్రమే వాడండి. తారు మీదకు రాగానే ఏబీఎస్ మళ్లీ పెట్టేయండి.

సామాను విషయంలో జరిగే తప్పు బరువంతా వెనక ఇరుసు దాటి, ఎత్తులో కట్టడం. ముందు చక్రం తేలిపోయి, వేగంలో హ్యాండిల్ ఊగుతుంది. వెనక క్యారియర్ మీద ఎంత పెట్టొచ్చో పుస్తకంలో ఉంటుంది. చాలా బండ్లలో అది పది కిలోల లోపే. పనిముట్లు, నీళ్లు, ట్యూబుల వంటి బరువైనవి కింద, సీటుకు దగ్గరగా, రెండు పక్కలా సమానంగా. నిద్ర సంచి లాంటి తేలికవి పైన. వెనక షాకప్ ప్రీలోడ్ (స్ప్రింగు బిగువు) ఒకటి రెండు మెట్లు పెంచి, గాలి కూడా పుస్తకంలో ఇద్దరికి చెప్పినంత పెట్టండి. కొలిచేది టైరు చల్లగా ఉన్నప్పుడే.

ట్యూబు టైరులో గాలి మరీ తగ్గిస్తే టైరు రిమ్ము మీద జారి, ట్యూబు వాల్వు మొదట్లో చిరుగుతుంది. ఆ చిరుగుకు అతుకు నిలవదు. అందుకే ఒక స్పేరు ట్యూబు, రెండు టైరు లివర్లు, ఇరుసు నట్టు స్పానరు, పంపు తప్పనిసరి. 21 అంగుళాల ముందు ట్యూబు అవసరానికి వెనక చక్రంలోనూ సర్దుకుంటుంది, కాబట్టి ఒకటే మోయాలంటే అదే మోయండి. స్పోకులను స్పానరుతో తట్టి చూడండి. మొద్దుగా మోగితే అది వదులైంది.

క్లచ్ కేబుల్ తెగేది ఎక్కువగా లివర్ దగ్గరి గుండు పక్కన, తీగలు ఒక్కొక్కటిగా. కొత్త కేబుల్‌ను పాతదాని పక్కనే చివర్లకు టేపు చుట్టి ముందే కట్టేయించుకుంటే, తెగిన చోట ట్యాంకు విప్పకుండా పది నిమిషాల్లో మార్చొచ్చు. అదనపు లైట్లు పెట్టించేటప్పుడు హారన్ వైరు కోసి కలపనివ్వకండి. రిలే (లైట్లకు కరెంటును విడి దారిలో పంపే స్విచ్) ఉండాలి, బ్యాటరీ దగ్గర విడిగా ఫ్యూజు ఉండాలి.

మనాలి–లేహ్ దారిలో తాండి ఊరి పెట్రోలు బంకు దాటితే తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరమని అక్కడ బోర్డే ఉంది. 13 లీటర్ల ట్యాంకు లీటరుకు 35 ఇస్తే 455 కిలోమీటర్లు వెళ్లాలి. చిన్న గేర్లలో, ఎదురుగాలిలో అది 25కు పడిపోతే 325 దగ్గరే ఆగిపోతుంది. ఐదు లీటర్ల డబ్బా తీసుకెళ్లండి, మూత దాకా నింపకుండా కాస్త ఖాళీ ఉంచండి. కార్బురేటర్ బండ్లకు ఎత్తులో గాలి పలచబడి పెట్రోలు పాలు ఎక్కువవుతుంది, ప్లగ్గు నల్లబడి మిస్ కొడుతుంది. స్పేరు ప్లగ్గు జేబులో ఉండాలి.

సికింద్రాబాద్, విజయవాడ నుంచి బండిని రైల్వే పార్సిల్‌లో ఢిల్లీ పంపేవాళ్లు ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయాలి. అద్దాలు విప్పి, లివర్లకు గోనెపట్టా చుట్టించండి.

సర్వీసింగు మాత్రం బయల్దేరే ముందురోజు చేయించకండి. పది రోజుల ముందు చేయించి, మొత్తం సామానుతో ఒక ఘాట్ రోడ్డు మీద 200 కిలోమీటర్లు తిప్పండి. క్యారియర్ బోల్టులు, స్పోకులు వదులయ్యేదీ, కొత్త చైను సాగేదీ ఆ తిరుగుడులోనే బయటపడతాయి. తిరిగొచ్చాక మరోసారి బిగించి బయల్దేరండి.

ఇట్లు,
టూవీలర్ మెకానిక్కులు,
రాజమహేంద్రవరం