విమానాల ఫోటోల సైజు తగ్గింపులో మా పొరపాటు, ఇకపై మేం చేసే పద్ధతి

ఘంటస్తంభం దగ్గర మా స్టూడియోలో విమానాల ఫోటోలకు సైజు తగ్గింపు చేయించుకున్న విజయనగరం, శ్రీకాకుళం కస్టమర్లకు ఈ కబురు.

గత నాలుగు నెలల్లో మేం చేసి ఇచ్చిన ఫైళ్లలో చాలావాటిని ఆన్‌లైన్ ఫోటో సైట్లు తిప్పి పంపాయి. చెప్పిన కారణాలు దాదాపు రెండే: షార్ప్ (అంచులకు పెట్టే పదును) ఎక్కువైంది, నున్నటి గీతలు మెట్లమెట్లుగా విరిగాయి. ఈ రెండూ మీ కెమెరా తప్పులు కావు. మా తప్పులు. ఆ ఫోటోలన్నీ డబ్బు తీసుకోకుండా మళ్లీ చేసి ఇస్తాం.

పెళ్లి ఆల్బమ్‌ల కోసం పెట్టుకున్న సెట్టింగునే మేం విమానాలకీ వాడేశాం. కాగితం మీదికి వచ్చేసరికి అంచులు కాస్త మెత్తబడతాయి కాబట్టి ఆ సెట్టింగు ముందే గట్టిగా షార్ప్ చేసి పెడుతుంది. ఆపైన ఫోటోషాప్‌లో ‘బైక్యూబిక్ షార్పర్’తో సైజు తగ్గించాం. అది తగ్గిస్తూనే ఇంకొంచెం పదును పెడుతుంది. చివర ఎక్స్‌పోర్టులో ‘స్క్రీన్, హై’ అని మూడో పూత. పట్టుచీర జరీ మీద ఇదంతా కనిపించదు. తెల్లటి విమానం నీలి ఆకాశాన్ని తాకే అంచున మాత్రం సున్నం గీసినట్టు తెల్లగీత తేలుతుంది.

వైజాగ్ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా నిలబెట్టిన నేవీ విమానం టీయూ-142 ఫోటో ఉంటే 100 శాతంలో తెరిచి చూడండి, సంగతి కళ్లకు కడుతుంది. 24 మెగాపిక్సెల్ కెమెరాలో ఆ ఫోటో 6000×4000 ఉంటుంది. దాన్ని 1600×1067కి తెస్తే కొత్త పిక్సెల్ ఒక్కొక్కటి సుమారు 14 పాత పిక్సెళ్ల పని చేయాలి. రెక్క అంచు ఏటవాలు గీత. పెద్ద ఫోటోలో నున్నగా ఉన్న ఆ గీత, ముందే పదునెక్కి ఉంటే చిన్న ఫోటోలో మెట్లమెట్లుగా విరుగుతుంది. యాంటెనా తీగ అక్కడక్కడా తెగిపోయి కనిపిస్తుంది. దగ్గరదగ్గరగా ఉన్న రివెట్ల వరుసలైతే కొత్త పిక్సెళ్ల గళ్లలో కుదరక, అసలు విమానం మీద లేని అలల చారలు పుట్టిస్తాయి. మేం గమనించాల్సింది ఇదే. గమనించలేదు.

ఇప్పుడు క్రమం మార్చాం. రా ఫైలు (కెమెరా జేపెగ్‌గా మార్చకముందు దాచే మొదటి ఫైలు) ఉంటే దాని మీదే, రంగు మెట్లు ఎక్కువుండే 16 బిట్‌లో, షార్పెనింగ్ సున్నా పెట్టి మొదలుపెడతాం. ముందు ఫోటో వంకర తీస్తాం. ఇందుకు రన్‌వేని నమ్మకూడదు, దానికి వాలు ఉండొచ్చు. ఫోటో మధ్యకు దగ్గరగా ఉన్న దీపస్తంభమో భవనం నిలువు అంచో చూసి సరిచేయాలి. తర్వాత క్రాప్. తర్వాత సెన్సర్ మీది దుమ్ము మచ్చలు. ఇవి మామూలుగా కంటికి ఆనవు. ఫోటో లేయర్‌ని ఇంకో కాపీ చేసి దానికి ‘ఈక్వలైజ్’ కొడితే ఆకాశంలో నల్లటి గుండ్రాలుగా బయటపడతాయి. కింది లేయర్‌లో వాటిని తుడిచి, ఆ కాపీని తీసేయాలి. నాయిస్ (ఫోటోలో కనిపించే గింజలు) తగ్గింపు ఆకాశానికి మాత్రమే, అదీ కొద్దిగా. ఎక్కువ చేస్తే నీలం నున్నగా ఉండక చారలు చారలుగా విడిపోతుంది, విమానం మీది అక్షరాలు మైనంలా కరిగినట్టుంటాయి.

అప్పుడు సైజు. ‘బైక్యూబిక్, స్మూత్ గ్రేడియెంట్స్’ ఎంచుకుని ఒకేసారి 1600కి తగ్గిస్తాం. ఫోటో కాస్త మెత్తగా వస్తుంది. అలాగే రావాలి, కంగారు పడకండి. లేయర్ కాపీ తీసి దాని మీద ‘అన్‌షార్ప్ మాస్క్’ (పేరు అలా ఉన్నా ఇది పదును పెట్టేదే) 80 శాతం, రేడియస్ 0.3, థ్రెషోల్డ్ 0. రేడియస్ 1 దాటితే ఈ సైజులో తెల్లంచు తప్పదు. ఆకాశం మీద మాస్క్ వేసి షార్ప్ తీసేస్తాం, లేకపోతే నాయిస్ గింజలు కూడా పదునెక్కుతాయి. ఇక రెక్క అంచు, తోక అంచు, కిటికీల పైనుంచి పోయే రంగు పట్టీ ఎక్కడైనా మెట్లు కడితే, అంతవరకే ఆ షార్ప్ చేసిన కాపీని మెత్తటి బ్రష్‌తో 50 శాతం తుడుస్తాం. ఫోటోకి ఐదు పది నిమిషాలు పట్టేది ఇక్కడే. ఈ పని ఆటోమేటిక్‌గా వదిలేయడమే మేం చేసిన అసలు తప్పు.

రంగు విషయంలోనూ కొన్ని ఫైళ్లు పాడుచేశాం. అడోబ్ ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతిలో తీసిన ఫోటోని అలాగే వదిలేస్తే చాలా స్క్రీన్ల మీద ఎరుపు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. ‘కన్వర్ట్ టు ప్రొఫైల్’తో, ఆన్‌లైన్‌లో మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీకి మార్చాలి. ‘అసైన్ ప్రొఫైల్’ కొడితే రంగులే మారిపోతాయి. ఆ తర్వాతే 8 బిట్‌కి దించి, జేపెగ్ క్వాలిటీ 10 నుంచి 12 మధ్య ఒక్కసారే సేవ్ చేయాలి. ఫోటోషాప్‌లో క్వాలిటీ 6, అంతకంటే తక్కువ అయితే ఫైలు చిన్నది కావడం కోసం రంగు సమాచారాన్ని కోసేస్తుంది. తెల్లటి బాడీ మీద ఎర్ర అక్షరాలున్న ఎయిర్ ఇండియా ఫోటోలో ఆ ఎరుపు పక్కకి చిమ్మినట్టు కనిపించేది అందుకే. సేవ్ చేసిన జేపెగ్‌ని మళ్లీ తెరిచి మళ్లీ సేవ్ చేయడం, ‘ఫైలు 300 కేబీ దాటకూడదు’ అని గిరి గీయడం, రెండూ ఫోటోని పగలగొట్టేవే.

డీపీఐ (ప్రింటులో అంగుళానికి ఎన్ని చుక్కలు అనే లెక్క) గురించి చాలామంది అడుగుతున్నారు. 72 పెట్టినా 300 పెట్టినా ఆన్‌లైన్‌లో తేడా లేదు. పిక్సెళ్లే లెక్క.

కొన్నింటికి మా దగ్గర మందు లేదు. షంషాబాద్‌లో మధ్యాహ్నం ఎండలో దూరం నుంచి తీసిన ఫోటోలో వేడిగాలికి వంకర తిరిగిన కిటికీలు ఏ షార్ప్‌తోనూ నిలబడవు. క్రాప్ చేశాక 1400 పిక్సెళ్లే మిగిలితే దాన్ని 1600కి సాగదీయం, 1280కి చేసి ఇస్తాం. ఒక్కో సైట్‌కి ఒక్కో కొలత ఉంటుంది, మీరు పెట్టబోయే సైట్ కనీస వెడల్పు చూసుకుని రండి. ఇంకో మాట. వైజాగ్ ఎయిర్‌పోర్టు రన్‌వే నేవీది. ఫోటోలు తీయరాదని బోర్డున్న చోట తీసినవి మేం ముట్టుకోం.

ఫైళ్లు పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫోటోగా పంపకండి. దారిలోనే సైజు తగ్గి, ఇంకోసారి కుదించుకుపోయి వస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా గూగుల్ డ్రైవ్ లింకు ఇవ్వండి. శ్రీకాకుళం నుంచి వచ్చేవాళ్లు పెన్‌డ్రైవ్ తెస్తే ఇంకా మంచిది. మేం ఇచ్చిన పాత జేపెగ్ వద్దు, మొదటి ఫైలే కావాలి. పడిపోయిన పదును తిరిగి పెట్టొచ్చు గానీ, ఎక్కించేసిన పదును దించలేం.

తిప్పి పంపినప్పుడు సైట్ చెప్పిన కారణం స్క్రీన్‌షాట్ కూడా జత చేయండి. షార్ప్, మెట్లు, రంగు అని ఉంటే ఉచితంగా మళ్లీ చేస్తాం. ఫోకస్ తప్పిందని ఉంటే ఫోటో 100 శాతంలో తెరిచి మీ ముందే చూసి, కుదరదంటే కుదరదనే చెబుతాం. పైడితల్లి జాతర వారం మాత్రం ఆల్బమ్ పని ఒత్తిడి ఉంటుంది, ఆ వారం ఇచ్చినవి మూడు రోజులు ఆలస్యమవుతాయి.