స్పీడ్ బ్రేకర్ తగులుతోందని స్ప్రింగుల్లో రబ్బర్లు పెట్టించకండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం వాహనాల పేజీలో చిన్న కార్ల ఎత్తు పెంచే స్ప్రింగ్ బఫర్ల గురించి, అంటే స్ప్రింగు చుట్ల మధ్య ఇరికించే రబ్బరు ముక్కల గురించి రాశారు. వాటి ధర, బిగించే తీరు వివరంగానే ఉన్నాయి. బిగించిన తర్వాత కారు ఏమవుతుందో మాత్రం ఒక్క ముక్క లేదు. నేను నల్లగొండలో ఆర్టీసీ గ్యారేజీ మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పటికీ చుట్టాల బండ్లు, మా వాడకట్టోళ్ల బండ్లు ఇంటి ముందుకు వస్తూనే ఉంటాయి. ఈమధ్య వచ్చేవాటిలో ఈ రబ్బర్లు పెట్టిన కార్లు బాగా కనబడుతున్నాయి. అందుకే రాస్తున్నాను.

మా అక్క కొడుకుది దేవరకొండ దగ్గర పల్లె. సెకండ్ హ్యాండ్‌లో స్విఫ్ట్ కొన్నాడు. "మామా, నలుగురం కూసుంటే చాలు, స్పీడ్ బ్రేకర్ మీద కింద గీసుకపోతుంది" అని ఒక యాక్సెసరీస్ షాపులో నాలుగు చక్రాలకూ బఫర్లు పెట్టించాడు. చూడ్డానికి కారు లేచింది. కొన్నాళ్లకే ముందు వైపు టక్కుటక్కుమని చప్పుడు మొదలైంది. వెనక సీట్లో కూర్చునే మా అక్క, నల్లగొండలో డాక్టర్‌కు చూపించుకుందామని బయల్దేరితే ఇల్లు చేరేసరికి నడుము పట్టేసిందని ఏడ్చినంత పని చేసింది.

చక్రం విప్పి చూశాను. స్ప్రింగు చుట్ల మధ్య ఆ రబ్బరు ఇరుక్కుని ఉంది. దాని అంచు వెంట ఇసుక చేరి, రాపిడికి పెయింటు లేచిపోయి, స్ప్రింగుకు తుప్పు పట్టింది. స్ట్రట్ మీద, అంటే ముందు చక్రాన్ని నిలబెట్టే షాక్ అబ్జార్బర్ స్తంభం మీద నూనె కారి, దుమ్ము అంటుకుని నల్లగా పేరుకుంది. పైన ఆ స్ట్రట్‌ను బాడీకి పట్టి ఉంచే మౌంట్ రబ్బరు చీలి, చీలికలో వేలు పడుతోంది.

ఇలా ఎందుకవుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. బండి బరువు మోసేది స్ప్రింగు. గుంతలో పడ్డప్పుడు నొక్కుకుపోతుంది, మళ్లీ పైకి లేస్తుంది. దాన్ని అలాగే వదిలేస్తే బండి ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపడమే షాక్ అబ్జార్బర్ పని. లోపలి నూనె సన్నని రంధ్రాల గుండా అటూ ఇటూ పోతూ ఆ ఊపునంతా వేడిగా మార్చేస్తుంది. గతుకుల రోడ్డు మీద తిరిగొచ్చిన బండి ఆగగానే షాక్ అబ్జార్బర్లను చేత్తో తాకి చూస్తే సంగతి తెలిసిపోతుంది. మిగతావి వెచ్చగా ఉండి ఒకటి చల్లగా ఉందంటే ఆ చల్లనిది పని మానేసినట్టే. ఎవరైనా చూసుకోవచ్చు, సైలెన్సర్ పైపు చేతికి తగలకుండా జాగ్రత్త పడితే చాలు.

రబ్బరు ఇరికించిన చోట స్ప్రింగు చుట్లు కదలవు. అన్ని చుట్లూ పంచుకోవాల్సిన దెబ్బ మిగిలిన వాటి మీదే పడుతుంది. స్ప్రింగు బిరుసెక్కి, లేచేటప్పుడు ఇంకా జోరుగా తంతుంది. కంపెనీ ఇచ్చిన షాక్ అబ్జార్బర్ పాత స్ప్రింగు జోరుకు సరిపోయేలా తయారైంది, కొత్త జోరును అది ఆపలేదు. పైగా మన చిన్న కార్లలో ముందు చక్రాలకు ఉండేది మాక్‌ఫర్సన్ స్ట్రట్. అందులో షాక్ అబ్జార్బరే చక్రాన్ని నిలబెట్టే స్తంభం కూడా. అక్కడ ఎత్తు మారితే చక్రం వాలు మారి టైరు ఒక పక్కనే అరుగుతుంది. ఇంజిన్ నుంచి చక్రానికి పోయే డ్రైవ్ షాఫ్ట్ కూడా ఎప్పుడూ వంపులోనే తిరగాల్సి వస్తుంది.

అసలు మావాడి కారు కింద తగలడానికి కారణం వేరే ఉంది. పాత బండి కదా, వెనక స్ప్రింగులు కుంగిపోయాయి, షాక్ అబ్జార్బర్లు చచ్చిపోయాయి. డిక్కీ మూల మీద గట్టిగా నొక్కి వదిలితే ఒక్కసారి లేచి కుదురుకోవాల్సిన బండి రెండు మూడు ఊపులు ఊగింది. కంపెనీ స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, మౌంట్లు, చక్రాన్ని బాడీకి కలిపే లోయర్ ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు, లింక్ రాడ్లు వేయించాం. అన్నీ జతలుగానే. ఒక వైపు కొత్తది, ఒక వైపు పాతది ఉంటే బ్రేక్ వేసినప్పుడు బండి పక్కకు లాగుతుంది. చివర్లో వీల్ అలైన్‌మెంట్ చేయించాం. ఇప్పుడు నలుగురు ఎక్కినా కొండమల్లేపల్లి మీదుగా నల్లగొండ వచ్చేదాకా కారు ఎక్కడా తగలడం లేదు. వాళ్ల ఊరి స్పీడ్ బ్రేకర్ మీద తప్ప. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఉన్నదానికంటే మెరుగైనవి వేయించుకోవాలనుకునేవాళ్లు ఉంటారు, తప్పు లేదు. నా మాట అడిగితే గ్యాస్ నింపిన షాక్ అబ్జార్బర్లు చూడమంటాను. ఎడతెగని గతుకుల్లో మామూలు నూనె షాక్ అబ్జార్బర్‌లో నురగ పుడుతుంది. నురగ వచ్చిందంటే పట్టు పోయినట్టే. నైట్రోజన్ ఒత్తిడి ఆ నురగను రానివ్వదు. నాట్ల కాలంలో కేజ్ వీల్స్‌తో (దమ్ము చేసే ఇనుప చక్రాలతో) ట్రాక్టర్లు ఎక్కిన తారు రోడ్డు ఎట్లుంటుందో మన జిల్లా వాళ్లకు తెలుసు, అడ్డంగా గాట్లు పడి కిలోమీటర్ల కొద్దీ దడదడ. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల లారీలు తిరిగే రోడ్లలోనూ అంతే. అలాంటి చోట ఈ తేడా ఒంటికి తెలుస్తుంది. అయితే మీ మోడల్‌కే చేసినవి తీసుకోండి. 'స్పోర్ట్' అని అమ్మే బిరుసు స్ప్రింగులు నున్నటి రోడ్లకు, వేగానికి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాటి జోలికి పోకండి. బయట సీఎన్‌జీ కిట్ పెట్టించి డిక్కీలో సిలిండర్ మోసేవాళ్లకు వెనక కారు కుంగడం సహజం. కంపెనీ నుంచే వచ్చే సీఎన్‌జీ మోడళ్లలో ఆ బరువుకు తగ్గట్టు స్ప్రింగుల ఏర్పాటు (సస్పెన్షన్) సర్దుతారు. అలాంటి స్ప్రింగులు మీ బండికి వస్తాయేమో సర్వీస్ సెంటర్‌లో అడగండి, రబ్బర్ల కంటే అది నూరు రెట్లు నయం.

ఇక అల్లాయ్ వీల్స్. చక్రం పెద్దదైతే కారు ఎత్తు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. లెక్క చూడండి. 165/80 ఆర్14 అంటే టైరు పక్క గోడ ఎత్తు 165లో 80 శాతం, అంటే 132 మిల్లీమీటర్లు; చివరి 14 రిమ్ము అడ్డుకొలత, అంగుళాల్లో. దాని బదులు 205/45 ఆర్17 వేస్తే ఆ గోడ 92 మిల్లీమీటర్లకు పడిపోతుంది. రెండు టైర్ల మొత్తం ఎత్తు మాత్రం దాదాపు ఒకటే, 620 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. కారు పైకి లేవలేదు, గుంత దెబ్బను మొదట తీసుకునే మెత్తదనం మూడో వంతు దాకా పోయింది. ఆ దెబ్బ రిమ్ముకు, బుష్‌లకు, మన వెన్నుకు తగులుతుంది. స్ప్రింగులు కోసి కారును కిందికి దించే పిల్లలకైతే నేరుగా చెబుతున్నాను, వద్దు. కోసిన స్ప్రింగు చక్రం గాల్లోకి లేచినప్పుడు తన చోటు నుంచి జారవచ్చు. కంపెనీ ఇచ్చిన వాహనాన్ని అనుమతి లేకుండా మౌలికంగా మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు.

ఇప్పుడు స్పీడ్ బ్రేకర్ సంగతి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధనల్లో దీనికి కొలతలున్నాయి. ఎత్తు 10 సెంటీమీటర్లు, రోడ్డు వెంట పొడవు 3.7 మీటర్లు, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటేలా నున్నటి వంపు. చిన్న కారు ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం రెండున్నర మీటర్ల లోపే ఉంటుంది. అంటే ఆ కొలతతో కట్టిన దిబ్బ మీద ముందు, వెనక చక్రాలు రెండూ ఒకేసారి నిలబడతాయి. కారు పొట్ట తగిలే ప్రశ్నే లేదు. మావాడి ఊరి దగ్గర ఉన్నది నేను టేపుతో కొలిచాను. పొడవు మీటరు కూడా లేదు, ఎత్తు జానెడు దాటింది. ముందు చక్రాలు అవతలికి దిగేసరికి దిబ్బ నడుమ కింద ఉంటుంది, అది ఏ చిన్న కారుకైనా తగులుతుంది. తెల్ల గీత లేదు, ముందు బోర్డు లేదు. రాత్రిపూట బైకు వాళ్ల ప్రాణం మీదికొచ్చేదీ ఇలాంటివే.

ఊరివాళ్ల బాధ నాకు తెలుసు. బడి పిల్లలు రోడ్డు దాటే చోట లారీలు ఆగకుండా పోతుంటే కాంక్రీటు పోసుకోక ఏం చేస్తారు? వాళ్లు అడిగినప్పుడే కొలత ప్రకారం కట్టి, గీతలు వేసి, బోర్డు పెట్టి ఉంటే ఈ అవసరం రాకపోయేది. దేవరకొండ, నల్లగొండ డివిజన్లలో ఆర్ అండ్ బీ, పంచాయతీరాజ్ ఇంజనీర్లు తమ రోడ్ల మీది స్పీడ్ బ్రేకర్లను వానాకాలం మొదలయ్యేలోపు కొలిపించాలని, తప్పుగా ఉన్నవాటిని తీసేసిన రోజే వాటి చోట సరైనవి కట్టాలని కోరుతున్నాను. కొలతలు పైన రాశాను. మీ జిల్లా పేజీలో ఒక బొమ్మతో వాటిని వేస్తే సర్పంచులు కూడా టేపు పట్టుకుని చూసుకోగలరు.

ఇట్లు,
ఆర్టీసీ రిటైర్డ్ మెకానిక్,
పానగల్, నల్లగొండ