డ్రై పోర్టు షెడ్లకన్నా ముందు స్కానర్ సంగతి తేల్చండి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్ నుంచి బందరు రేవు దాకా కొత్త రహదారి వేస్తారని, ఇటువైపు డ్రై పోర్టు, అంటే సముద్రానికి దూరంగా కంటైనర్ల తనిఖీ, కస్టమ్స్ పనులు జరిగే నేల మీది రేవు కూడా వస్తుందని కొంతకాలంగా చదువుతున్నాం. ఎన్ని ఎకరాలు పోతాయి, ఎక్కడ భూమి రేటు పెరిగింది అన్న ముచ్చట్లకు కొదవ లేదు. అక్కడికొచ్చే సరుకును ఎవరు తనిఖీ చేస్తారు, ఏ కంటైనర్ పెట్టెను తెరవాలో ఎట్లా నిర్ణయిస్తారు అన్న సంగతి మాత్రం నా కంటికి ఎక్కడా కనబడలేదు. మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లులో ఎగుమతి కాగితాలు చూసుకునే ఉద్యోగిని నేను. అందుకే ఈ ఉత్తరం.

సముద్రమే లేని జిల్లావాళ్లకు రేవు భద్రతతో ఏం పని అంటారేమో. కాకినాడలో బస్తాలు బార్జీల మీద ఓడకెక్కే పద్ధతి వేరు. కంటైనర్లో పోయే బియ్యం అట్లా కాదు. పెట్టె మా మిల్లుకే వస్తుంది, ఇక్కడే నింపుతాం, ఇక్కడే సీలు వేస్తాం. అనుమతి ఉన్న ఎగుమతిదారులు ఎలక్ట్రానిక్ సీలుతో తామే మూసుకునే విధానం 2017 నుంచి ఉంది. సీలు చెక్కుచెదరక, కస్టమ్స్ కంప్యూటర్‌కు అనుమానం రాకపోతే రేవులో ఆ తలుపు తెరవకుండానే ఓడకెక్కుతుంది. అంటే ఆ పెట్టెలో ఏముందన్నది మా షెడ్డు కిందే ఖాయమవుతోంది.

ఖాళీ కంటైనర్ రాగానే మా దగ్గర బస్తా ఎత్తరు. ముందు హమాలీ మేస్త్రి లోపలికి పోయి, "బిడ్డా, తలుపులు మూయించు, వెలుగు కనబడ్తదేమో సూస్తా" అంటాడు. చీకట్లో ఎక్కడైనా సన్నని వెలుతురు గీత కనబడితే అక్కడ చిల్లు ఉన్నట్టే, ఆ పెట్టె వెనక్కి పోతుంది. తరువాత టేపుతో లోపలి పొడవు కొలుస్తారు. బయటి కొలతకూ లోపలి కొలతకూ ఉండాల్సినదానికన్నా ఎక్కువ తేడా వస్తే ముందు గోడ వెనక దొంగ అర ఉందేమోనని అనుమానించాలి. గోడలు తట్టి చప్పుడు వింటారు, నేల చూస్తారు, వాసన చూస్తారు. ఆఖరున బోల్టు సీలు వేశాక నంబరు చదివి, ఫొటో తీసి, గట్టిగా లాగి, తిప్పి చూస్తాం. అంతటితో నేను తృప్తిపడను, తలుపు పిడికి ఉన్న రివిట్లు కూడా చూస్తాను. సీలు ముట్టకుండా రివిట్ ఊడదీసి, తలుపు తెరిచి, మళ్లీ కొత్తది బిగించి రంగు పూసే దొంగతనాలు ఈ వ్యాపారంలో ఉన్నాయి. పాత తుప్పు మధ్యన ఒక్క రివిట్ తళతళా మెరిస్తే ఆ బండి కదలకూడదు.

ఇంత పట్టింపు ఎందుకంటే, మత్తుపదార్థాల ముఠాలు నిజాయితీ వ్యాపారి పెట్టెనే వాడుకుంటాయి. దారిలో తెరిచి, బస్తాల మీద తమ సంచులు పడేసి, నకిలీ సీలు వేసి పంపుతారు. అవతలి రేవులో వాళ్ల మనుషులు వాటిని తీసుకుపోతారు. పట్టుబడితే కాగితాల మీద ఉండేది మిల్లు పేరే.

ముంద్రా సంగతి మన వాళ్లు అప్పుడే మర్చిపోయారు. 2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ఆ రేవులో రెండు కంటైనర్లలో 2,988 కిలోల హెరాయిన్ దొరికింది. కాగితాల మీద అది టాల్క్, అంటే మన బలపం రాయి. అఫ్గానిస్థాన్ సరుకు, ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ మీదుగా వచ్చింది. తెప్పించుకున్న సంస్థ చిరునామా విజయవాడ. చెన్నై, విశాఖ, కృష్ణపట్నం ఇంత దగ్గరుండగా విజయవాడ సరుకు ముంద్రాలో ఎందుకు దిగింది? ఈ ప్రశ్న అక్కడి కోర్టే వేసింది. మా మిర్యాలగూడలో ఏ లారీ బుకింగ్ గుమాస్తాను అడిగినా ఇదే అంటాడు. బలపం రాయి మన దేశంలోనే దండిగా దొరుకుతుంది. అంత చవక సరుకును గుజరాత్‌లో దించి, రోడ్డు మీద ఇంత దూరం తెస్తే కిరాయికే అసలు మునుగుతుంది. కేంద్ర రెవెన్యూ ఇంటెలిజెన్స్ (డీఆర్ఐ) అధికారులకు సమాచారం అంది పట్టుకున్నారు, వాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలి. సమాచారం అందని పెట్టెల మాటేమిటి?

అక్కడే రిస్క్ అనాలిసిస్ పనికొచ్చేది. మన కస్టమ్స్ వాళ్లు దిగుమతులకు 2005లో, ఎగుమతులకు 2013లో ఈ పద్ధతి తెచ్చారు. బిల్లు దాఖలు కాగానే కంప్యూటర్ సరుకు పేరు, దేశం, దారి, విలువ, ఆ సంస్థ పాత చరిత్ర చూసి, ఏది నేరుగా పోవచ్చో, దేని కాగితాలు పరిశీలించాలో, దేన్ని విప్పి చూడాలో చెబుతుంది. విధానం మంచిదే. కానీ అది దానికి నేర్పిన ప్రశ్నలే వేస్తుంది. కిరాయి గిట్టుబాటు, పంట కాలం, ఏ సరుకు ఏ ఊరి నుంచి బయల్దేరాలి అన్న తెలివి మిల్లులోను, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులోను ఉంటుంది. దాన్ని అడిగి తీసుకునే ఏర్పాటు డ్రై పోర్టులో ఉండాలి.

అన్ని పెట్టెలూ విప్పితే సరిపోదా అని మా మిల్లులోనే కొందరంటారు. అమెరికా 2007లో తమ దేశానికొచ్చే ప్రతి కంటైనర్‌నూ బయల్దేరే రేవులోనే స్కాన్ చేయాలని చట్టం చేసింది. 2012 గడువు పెట్టుకుంది, పొడిగిస్తూ పోయింది తప్ప అమలు చేయలేకపోయింది. అంత డబ్బున్న దేశానికే చేతకానిది మనం చేస్తామంటే లారీలు బారులు తీరడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. 2024 నవంబరు చివర్లో కాకినాడ ఓడలో రేషన్ బియ్యం పట్టుబడిన గొడవ దేశమంతా విన్నది. పేదల బియ్యం ఓడెక్కించినవాణ్ని వదలొద్దు, ఆ విషయంలో నాకు రెండో మాట లేదు. అయితే దొంగనూ దొరనూ ఒకే వరుసలో నిలబెడితే నష్టం దొరకే. అప్పటి రేషన్ బియ్యంలో నూటికి ఒక పాలు ఫోర్టిఫైడ్ గింజలు, అంటే ఇనుము, విటమిన్లు చేర్చిన గింజలు కలిపేవారు. నమూనా తీసి పరీక్షిస్తే ఆ గింజ బయటపడుతుంది. పరీక్ష చేసే మనిషి, చిన్న ల్యాబ్ డ్రై పోర్టులోనే ఉంటే గంటల్లో తేలే పనికి లారీలు రోజుల తరబడి ఆగక్కర్లేదు. 2025 మార్చి 31న మన తెలంగాణ ప్రభుత్వమే ఫిలిప్పీన్స్‌కు 12,500 టన్నుల ఎంటీయూ 1010 రకం బియ్యం కాకినాడ నుంచి పంపింది. ఆ పేరు నిలబడాలంటే తనిఖీ గట్టిగానూ ఉండాలి, వేగంగానూ ఉండాలి.

మా మిల్లుకు జరిగిన ఒక నష్టం చెప్పాలి. ఒక రేవులో మా కంటైనర్‌ను తనిఖీకి తెరిచారు. తప్పేమీ దొరకలేదు, కొత్త సీలు వేసి పంపారు. కొత్త నంబరు మాకు గానీ షిప్పింగ్ లైనుకు గానీ ఎవరూ చెప్పలేదు. ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు, బిల్ ఆఫ్ లేడింగ్‌లో పాత నంబరే పోయింది. అవతల కొనుగోలుదారు తలుపు మీద వేరే నంబరు చూసి సరుకు దించుకోనన్నాడు. ఆయన్ను తప్పుపట్టను, ఆయన స్థానంలో నేనున్నా అదే చేస్తాను. కంటైనర్ ఆగినందుకు రోజుకింత చొప్పున డెమరేజీ మిల్లు కట్టింది. తెరిచిన అధికారే కొత్త సీలు నంబరును అప్పటికప్పుడు కంప్యూటర్లో ఎక్కించి, ఎగుమతిదారు ఫోనుకు పంపాలన్న నియమం కొత్త డ్రై పోర్టులోనైనా మొదటి రోజు నుంచీ ఉండాలి.

ఇక పట్టుకున్న సరుకు సంగతి. లెబనాన్‌లోని బేరూట్ రేవు గోదాములో ఏళ్లకు ఏళ్లు పడేసిన 2,750 టన్నుల అమోనియం నైట్రేట్ 2020 ఆగస్టు 4న పేలి రెండు వందల మందికి పైగా చనిపోయారు. అది ప్రమాదకరమని తెలియక కాదు, అధికారుల మధ్య ఉత్తరాలు నడిచాయి. దాన్ని అక్కణ్నుంచి తీసేసినవాళ్లే లేరు. ఆ వార్త వచ్చాకే చెన్నై దగ్గర 2015 నుంచి కస్టమ్స్ ఆధీనంలో ఉన్న సుమారు 700 టన్నుల అదే రసాయనాన్ని హడావుడిగా రోడ్డు మీద హైదరాబాద్‌కు తరలించారు. రేపు మన దగ్గరా అనుమానపు సరుకు ఆపుతారు. దాన్ని ఊళ్లకు ఎంత దూరంలో ఉంచాలి, ఎన్ని రోజుల్లో వదిలించాలి, ఫైరింజన్ ఎక్కడుండాలి అన్నవి స్థలం ఎంపిక చేసేటప్పుడే తేలాలి. గోడలు లేచాక ఊరిని జరపలేం.

కంటైనర్ తెరవకుండానే లోపలి బొమ్మ తీసే స్కానర్, దాని బొమ్మను చదవడం నేర్చిన మనుషులు, ల్యాబ్, ఆపిన సరుకుకు వేరే చోటు, ఇవన్నీ టెండరు కాగితాల్లోనే రాయించాలని ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ప్రజాప్రతినిధులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. స్థలం ఖరారు చేసేలోగా మిల్లర్లను, లారీ యజమానులను, హమాలీ సంఘాలను ఒకసారి కూర్చోబెట్టి అడగండి. మా మేస్త్రి లాంటివాళ్లకు తెలిసిన సంగతులు ఏ కన్సల్టెంటు నివేదికలోనూ దొరకవు.

— ఒక బియ్యం మిల్లు ఎగుమతి విభాగం ఉద్యోగిని, మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా