ముందు ఒక్క రేణువు

చిట్టితల్లీ,

నువ్వు పంపిన ఆరు పేజీలూ రాత్రి కూర్చుని చదివాను. ద్రవ స్ఫటికంలో రేణువులు కలిపితే మొత్తం ద్రవం ఎలా నడుచుకుంటుందో ఒక్క సమీకరణంలోకి తేవాలన్న నీ ఆలోచన నాకు నచ్చింది. కానీ రెండో పేజీకే రేణువులన్నిటికీ కలిపి ఒక సరాసరి లెక్క కట్టేశావు. అక్కడ నా మనసు ఒప్పలేదు. ఫోన్లో తేలే విషయం కాదని రాస్తున్నాను.

ముందు ఒక్క రేణువునే తీసుకో. నెమాటిక్ అనే రకం ద్రవ స్ఫటికంలో అణువులు పుల్లల్లా ఉంటాయి; చోటు మారుతూనే ఉన్నా దాదాపు అన్నీ ఒకే దిక్కుకు వాలి ఉంటాయి. వాటి మధ్య మైక్రాన్ వ్యాసార్థం ఉన్న గోళీ పెట్టావనుకో. గోళీ ఉపరితలం అణువులను తన మీద నిలువుగా నిలబడమంటుంది, దూరాన ఉన్నవేమో తమ దిక్కు వదలవు. రాజీ కుదరని చోట క్రమం తెగుతుంది. అదే డిఫెక్ట్. గోళీ చుట్టూ దిశలు ముళ్లపందిలా నిక్కబొడుచుకుంటాయి కాబట్టి దాని టోపలాజికల్ ఛార్జ్, అంటే దిశలు ఎన్నిసార్లు చుట్టుకున్నాయో చెప్పే లెక్క, ఒకటి. దూరాన అంతా సాఫీగా ఉండాలంటే పక్కనే మైనస్ ఒకటి పుట్టి తీరాలి. అది చుక్కలా ఒక వైపు నిలిస్తే గోళీ డైపోల్ (రెండు ధ్రువాల జంట) అవుతుంది. శనిగ్రహ వలయంలా నడుం చుట్టూ పరుచుకుంటే క్వాడ్రుపోల్ (నాలుగు ధ్రువాల అమరిక).

దిశలను వంచబోతే ద్రవం ఎంత ఎదురు తిరుగుతుందో చెప్పే మూడు ఎలాస్టిక్ స్థిరాంకాలూ సమానమనుకుంటే, గోళీకి దూరంగా దిశలో వచ్చే చిన్న తేడా మనకు బాగా తెలిసిన లాప్లాస్ సమీకరణాన్నే పాటిస్తుంది. రెండు గోళీల మధ్య దూరం రెట్టింపైతే డైపోల్ శక్తి ఎనిమిదో వంతుకు, క్వాడ్రుపోల్ శక్తి ముప్ఫై రెండో వంతుకు పడిపోతుంది. 1997లో పౌలిన్, స్టార్క్, లుబెన్‌స్కీ, వైట్జ్ అనే శాస్త్రవేత్తలు నెమాటిక్‌లో నీటి బొట్లు గొలుసుకట్టడం చూపించారు. బొట్టుకూ బొట్టుకూ నడుమ డిఫెక్ట్ అడ్డుగా నిలిచి వాటిని కలిసిపోనివ్వలేదు. నీ సరాసరిలో ఈ గొలుసుకు చోటేదీ?

లెక్క వేసి చూడు. ఎలాస్టిక్ స్థిరాంకం సుమారు 10 పికోన్యూటన్లు. దాన్ని ఒక మైక్రాన్‌తో గుణిస్తే గొలుసును పట్టి ఉంచే శక్తి సుమారు 10⁻¹⁷ జౌళ్లు. గది ఉష్ణోగ్రత దగ్గర ఉష్ణశక్తి 4 × 10⁻²¹ జౌళ్లు. అంటే దాదాపు 2500 రెట్లు! అణువుల కుదుపు ఆ గొలుసును విడదీయలేదు. రేణువులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా చెదిరి ఉన్నాయని నువ్వు అనుకోవడం ఈ సైజులో చెల్లదు.

ఇంకో మాట. నువ్వు దిశను వెక్టర్‌గా, అంటే బాణంలా, రాశావు. నేనూ మొదటిసారి అలాగే రాశాను. వలయం రావాల్సిన చోట బాణాలు ఎదురుబొదురుగా తిరిగిన గోడ ఒకటి వచ్చింది. మెష్‌లో (కంప్యూటర్ లెక్క కోసం చోటును ముక్కలు చేసే వలలో) లోపమనుకుని మూడు వారాలు దాన్ని సన్నం చేస్తూ పోయాను. గోడ పల్చబడిందే తప్ప పోలేదు. అసలు సంగతేమిటంటే ఈ అణువుల దిశకు తలా తోకా తేడా లేదు, బాణానికి ఉంది. వలయపు దారం చుట్టూ ఒక చుట్టు తిరిగొస్తే దిశ తిరిగేది అర చుట్టే. బయల్దేరిన చోటికి వచ్చేసరికి బాణం తలకిందులవుతుంది. ఫ్రెంచ్ శాస్త్రవేత్త డీజెన్ క్యూ-టెన్సర్‌కు (తలా తోకా తేడా లేకుండా దిశను రాసే పద్ధతికి) మారిన రోజున వలయం దానంతటదే వచ్చి కూర్చుంది. ఆ సాయంత్రం ఇంకా గుర్తుంది నాకు. డిఫెక్ట్ గర్భం పది నానోమీటర్ల వరకే ఉంటుంది కాబట్టి మెష్ అక్కడ మాత్రం సన్నం చెయ్యి, మిగతా చోట్ల వదిలెయ్యి.

నీ సరాసరి తప్పని కాదమ్మా. దానికి తగిన చోటుంది. నెమాటిక్‌లో అయస్కాంత రేణువులు పలచగా కలిపితే ఏమవుతుందో బ్రోషార్, డీజెన్ 1970లోనే సిద్ధాంతం కట్టారు. 2013లో స్లొవేనియా వాళ్లు అయస్కాంత నానో పలకలు కలిపి నిజంగానే అయస్కాంతంలా పనిచేసే ద్రవం చేశారు. చిన్న రేణువు చుట్టూ దిశ పెద్దగా వంగదు, అందుకే అక్కడ సరాసరి నిలుస్తుంది. తేల్చేది ఒక్క నిష్పత్తి: యాంకరింగ్ బలాన్ని (రేణువు ఉపరితలం అణువులను తనకు నచ్చిన దిక్కుకు పట్టి ఉంచే గట్టితనాన్ని) వ్యాసార్థంతో గుణించి ఎలాస్టిక్ స్థిరాంకంతో భాగించు. యాంకరింగ్ చదరపు మీటరుకు 10⁻⁵ జౌళ్లనుకుంటే, పది నానోమీటర్ల రేణువుకు అది 0.01, మైక్రాన్ గోళీకి 1.

నీ రేణువుల సైజు ఆ ఆరు పేజీల్లో ఎక్కడా రాయలేదు. అది రాసి, ఈ నిష్పత్తి వేసి పంపు. ఒకటి కంటే బాగా తక్కువ వస్తే రెండో పేజీని అలాగే ఉంచుదాం. రాకపోతే ఒక్క గోళీ దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టు, నేనూ ఇక్కడ కలం పట్టుకుని కూర్చుంటాను.

ప్రేమతో,
నాన్న